నర్సు ఉద్యోగం మానేసి కార్మెల్ మఠంలో చేరతానంటోంది. లోపల కూర్చుని ప్రార్థిస్తే ఎవరికి లాభం?

కృష్ణలంక కుర్రోడు · శనివారం రాత్రి 10:40

అందరికీ వందనాలు. మా అక్క కూతురు నర్సింగ్ చదివి రెండేళ్లుగా ఐసీయూలో చేస్తోంది. పోయిన నెల ఇంట్లో అందరం భోజనాల దగ్గరుంటే, పప్పు వడ్డిస్తూ వడ్డిస్తూ "నేను కార్మెల్‌లో చేరదామనుకుంటున్నా" అంది. అక్క ఏదో కాలేజీ అనుకుంది. సంగతి తెలిసినప్పటి నుంచి సరిగా తినడం లేదు.

మాది తాతల నాటి నుంచి కతోలిక కుటుంబం. చుట్టాల్లో ఇద్దరు సిస్టర్లున్నారు, ఒకావిడ బడిలో, ఇంకొకావిడ డిస్పెన్సరీలో. అలాంటి సిస్టర్ల సభలో చేరతానంటే బావ పెట్టె సర్ది మరీ పంపేవాడు. ఇదేమో గోడ, జాలీ, జీవితమంతా లోపలే. పండక్కి కూడా ఇంటికి రాదట. "నలుగురికి సెలైన్ పెట్టి బతికించే చేతులు కదే, అక్కడ కూర్చుని ఏం చేస్తావు?" అనడిగా. "అందరి కోసం అడుగుతా మామయ్యా" అంది. అంతే, ఇంకో మాట లేదు.

నేను నాస్తికుణ్ణి కాదు. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండెక్కుతా. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పూజ పెట్టిస్తా. కానీ అడగడమే ఒక పనిగా, అదీ జన్మంతా పెట్టుకోవడం నాకు మింగుడు పడటం లేదు. తెలిసినవాళ్లు తిట్టకుండా చెప్పండి.

ఉపదేశి తాత · శనివారం రాత్రి 11:25

బాబూ, నలభై ఏళ్లు పల్లెల్లో ఉపదేశిగా, అంటే మతబోధ చేస్తూ, తిరిగినవాణ్ణి. మీ మేనకోడలి మాట నాకు కొత్తగా లేదు. ఫ్రాన్సులో లిస్యూ కార్మెల్ సిస్టర్ తెరేసమ్మ కథ పైపైన తెలిసే ఉంటుంది, గులాబీల బొమ్మ ప్రతి గుడిలో ఉంటుంది కదా. ఆ గులాబీల వెనక ఒక హంతకుడున్నాడు.

1887లో పారిస్‌లో ఇద్దరు ఆడవాళ్లని, ఒక చిన్నపిల్లని చంపిన కేసులో ప్రాంజీని అనేవాడికి మరణశిక్ష పడింది. వాడిలో పశ్చాత్తాపం లేదని పేపర్లన్నీ రాశాయి. తెరేసమ్మకి అప్పుడు 14 ఏళ్లు. వాడి కోసం ప్రార్థన మొదలుపెట్టింది, అక్క ద్వారా పూజ కూడా పెట్టించింది. దేవుణ్ణి ఒక గుర్తు అడిగింది. ఆగస్టు 31న వాడి తల తీశారు. పేపర్ చదవొద్దని తండ్రి చెప్పినా మర్నాడు తెరిచి చూసింది (ఆ సంగతి తనే రాసుకుంది, ముసుగు వేయలేదు). కత్తి కిందకి వెళ్లబోతూ వాడు ఫాదర్ చేతిలోని సిలువని అడిగి మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాడట. వాణ్ణి తన మొదటి బిడ్డ అంది.

మరుసటి ఏడు ఏప్రిల్ 9న కార్మెల్‌లో చేరింది. 24 ఏళ్లకే, 1897లో, క్షయతో పోయింది. మఠం దాటి ఏ దేశమూ వెళ్లలేదు. 1927లో పదకొండవ భక్తినాథ (పయస్) పోపు గారు ఆమెని వేదబోధకులందరికీ పాలక పునీతురాలిగా ప్రకటించారు, ఫ్రాన్సిస్ జేవియర్ గారితో సమానంగా. ఆయన గోవా నుంచి జపాన్ దాకా ఓడల్లో తిరిగినవాడు, ఈమె తోటలో నాలుగడుగులు వేసింది. జబ్బుగా ఉన్నప్పుడు ఆ నాలుగడుగులూ కష్టంగా వేస్తుంటే ఎందుకమ్మా అని అడిగారు. ఎక్కడో అలసిపోయిన ఒక వేదబోధకుడి కోసం నడుస్తున్నా అందట.

హేతువు · ఆదివారం ఉదయం 7:10

తాతగారూ, కథ బాగుంది. కానీ ప్రార్థించిన హంతకుల్లో ఎంతమంది సిలువ ముద్దుపెట్టుకోలేదో లెక్క ఉందా?

నేను డాక్టర్ని, పుట్టుకతో కతోలికుణ్ణి, ఇప్పుడు పండగలకి మాత్రమే. ఈ విషయం మీద మంచి పరిశోధనే జరిగింది. 2006లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో వచ్చింది. ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులు చేశారు. ప్రార్థన అందుతుందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన అందిన గుంపులో 52 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, అందని గుంపులో 51 శాతానికి. మీ కోసం ప్రార్థిస్తున్నారు అని ముందే చెప్పిన గుంపులో 59 శాతం! "నా కోసం అంతమంది ప్రార్థిస్తున్నారంటే నా గుండె అంత పాడైందా" అని టెన్షన్ పడ్డారేమో అని కొందరి ఊహ.

ఈ థ్రెడ్‌కి సంబంధం ఏంటంటే, ప్రార్థించింది వీధిలో వాళ్లు కాదు. మిన్నెసోటాలో ఒక బెనెడిక్టిన్ మఠం, మసాచుసెట్స్‌లో ఒక కార్మెల్ సమాజం, ఇంకో ప్రొటెస్టెంట్ ప్రార్థన బృందం. అంటే మీ మేనకోడలు చేరబోయే కోవలోని వాళ్లే. ఐసీయూలో మంచి నర్సు ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. అది మాత్రం లెక్కకి అందుతుంది.

బెరయ విశ్వాసి · ఆదివారం మధ్యాహ్నం 1:30

నేను కతోలికుణ్ణి కాను, ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చా. సహోదరుడు తప్పుగా అనుకోవద్దు. 1 తిమోతి 2:5 ప్రకారం దేవునికీ మనుషులకీ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తు యేసు. మధ్యలో మఠం ఎందుకు? పైగా ఆయన "సర్వలోకానికి వెళ్లండి" అన్నాడు, లోపలికి వెళ్లి గడియ పెట్టుకోమనలేదు.

ఉపదేశి తాత · ఆదివారం మధ్యాహ్నం 2:05

అయ్యా, అదే అధ్యాయం మొదటి వచనం కూడా చదవండి. అందరి కోసం విజ్ఞాపనలు చేయమని పౌలు గారు హెచ్చరించాకే ఐదో వచనం వస్తుంది. మీ సంఘంలో శుక్రవారం ఉపవాస కూటంలో మైకులో పేర్లు చదివి ప్రార్థించరా? మధ్యవర్తి ఒక్కడేనని మేమూ ఒప్పుకుంటాం. ఆయన పక్కన నిలబడి ఆయనతో కలిసి అడగడం, అంతే.

బెరయ విశ్వాసి · ఆదివారం మధ్యాహ్నం 2:20

చదువుతాం. అది ఒప్పుకుంటా. కానీ మేం కూటం అయ్యాక పనికి వెళ్తాం.

షార్జా నర్సమ్మ · ఆదివారం సాయంత్రం 6:15

సీరియస్ మాటల మధ్య ఒక చిన్న సంగతి. మా వార్డులో సగం మంది ఫిలిప్పీన్స్ అమ్మాయిలే. పోయినేడు ఒకమ్మాయి పెళ్లి కుదిరితే వాళ్లమ్మ డజన్ల కొద్దీ కోడిగుడ్లు పట్టుకుని కేసోన్ సిటీలోని క్లారమ్మ మఠానికి వెళ్లిందట. పెళ్లి రోజు వాన పడకుండా ప్రార్థించమని ఆ లోపలుండే సిస్టర్లకి గుడ్లివ్వడం అక్కడి ఆచారం. స్పానిష్‌లో క్లారా అంటే తేట అని అర్థం, గుడ్డులో తెల్లసొననీ అదే మాటతో పిలుస్తారు. అలా పుట్టిందంటారు.

బెరయ విశ్వాసి · ఆదివారం సాయంత్రం 6:22

గుడ్లకి వాన ఆగుతుందా అక్కా 😀

షార్జా నర్సమ్మ · ఆదివారం సాయంత్రం 6:40

ఆగిందో లేదో అడగలేదు. ఆ పిల్ల డ్యూటీలో ఏడ్చిన రోజున మాత్రం మేమంతా అడిగింది వాన గురించి కాదు. ఏదో ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లాలి కదా తమ్ముడూ, వట్టి చేతులతో "నా కూతురి గురించి భయంగా ఉంది" అని ఎలా చెప్తాం. పైగా క్లారమ్మ సభవాళ్లు మొదటి నుంచీ దానాల మీద బతికేవాళ్లే, గుడ్లు వృథా పోవు.

ఉపదేశి తాత · ఆదివారం రాత్రి 8:00

గుడ్ల సంగతి వింటే అవిలా తెరేసమ్మ (స్పెయిన్ ఆవిడ, లిస్యూ ఆవిడ కాదు) నవ్వేది, లేకపోతే కసిరేది. 1562లో అవిలాలో యోసేపు గారి పేరు మీద చిన్న కార్మెల్ మఠం పెట్టింది ఆమే. కొద్దిమందే ఉండాలి, పేదగా ఉండాలి, ప్రార్థించాలి అని. ఫ్రాన్సులో మతం పేరుతో జరుగుతున్న ఘోరాలు విని తట్టుకోలేక, తాను ఆడదాన్ని, బయటికి వెళ్లి చేయగలిగింది లేదు కాబట్టి బోధించేవాళ్లకి, చదువుకున్న గురువులకి లోపలి నుంచి దన్నుగా ఉండాలనుకుంది. తన సిస్టర్ల కోసం రాసిన 'పరిపూర్ణతా మార్గం' మొదటి అధ్యాయంలోనే ఈ మాట ఉంటుంది. ఆ వెంటనే ఒక విసుగు కూడా ఉంటుంది: లోకం తగలబడిపోతుంటే జనం వచ్చి ఆస్తులు, డబ్బులు రావాలని దేవుణ్ణి అడగమంటున్నారే అని.

ఇప్పుడైతే వీసాలు అనేదేమో.

కృష్ణలంక కుర్రోడు · ఆదివారం రాత్రి 9:10

తాతగారూ, గుణదలలో నేను పెట్టించిన పూజల్లో సగం వీసాలే. సిగ్గేస్తోంది.

డాక్టరు గారి లెక్క అక్కకి చూపించా. "చూశావా" అంది నా మేనకోడలితో. ఆ పిల్లేమో, "డ్యూటీ దిగేటప్పుడు పేషెంట్ల ఫైళ్లన్నీ తర్వాతి షిఫ్ట్‌కి అప్పజెప్తాం అమ్మా. ఏడో బెడ్ తాతకి కొడుకు ఫోన్ ఎత్తడం లేదన్న సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు. దాన్ని ఎవరికి అప్పజెప్పాలి?" అంది. స్కూటీ మీద ఇంటికొస్తూ బెడ్ నంబర్లు వరసగా చెప్పుకుంటుందట. మాకు ఇన్నాళ్లూ తెలీదు.

పాత కొవ్వొత్తి · సోమవారం తెల్లవారుజాము 4:50

రెండ్రోజులుగా చదువుతూ రాయాలా వద్దా అనుకున్నా. నేను ఒక ధ్యాన మఠంలో నాలుగేళ్లున్నా. ఏ ఊరో చెప్పను. ఆరోగ్యం సహకరించక బయటికొచ్చా, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. ఈ టైముకి మెలకువ రావడం మాత్రం పోలేదు.

లోపల ఏం జరుగుతుందో చెప్తా. ప్రార్థనా మందిరానికి వెళ్లే నడవలో ఒక నల్లబల్ల ఉండేది. గేటు దగ్గర పనులు చూసే సిస్టర్‌కి ఫోన్లొస్తాయి, కొందరు చీటీలిస్తారు. ఆవిడ అవన్నీ సుద్దముక్కతో రాసేది. "బైపాస్, మంగళవారం, ఒంగోలు." "ఇంటర్ సప్లిమెంటరీ, ముగ్గురు." "భర్త, తాగుడు." "గేదె తప్పిపోయింది." వీసాలుండేవి, కుర్రోడు గారు సిగ్గుపడక్కర్లేదు. ఒకరోజు ఇలా ఉంది: "ఒకావిడ. ఫోన్‌లో ఏడ్చింది. ఏమీ చెప్పలేదు."

కొత్తలో నేను ఒక్కో లైనూ పట్టుకుని దేవుడికి అప్లికేషన్ చదివి వినిపించినట్టు ప్రార్థించేదాన్ని. నోవిస్‌లని, అంటే కొత్తగా చేరి శిక్షణలో ఉన్నవాళ్లని, చూసుకునే మదర్ పసిగట్టి, "ఆయనకి రిపోర్ట్ ఇవ్వకు. వాళ్లని వెంటబెట్టుకొచ్చి ఆయన ముందు కూర్చో" అన్నారు. అర్థం కాలేదు. ఆ ఏడుపు ఆవిడ దగ్గర అర్థమైంది.

రోజుకి ఏడుసార్లు కీర్తనలు పాడతాం. శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు 88వ కీర్తన వస్తుంది. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో ఎక్కడో స్తోత్రంలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చివరి మాట చీకటే. ఆ వారం నేను మహా సంతోషంగా ఉన్నా, అమ్మ ఉత్తరం వచ్చింది. నా నోట్లో ఈ మాటలు అబద్ధంలా ఉన్నాయేంటి అనుకుంటుంటే, ఇవి నావి కావు కదా, ఆవిడవి అని తోచింది. ఏమీ చెప్పలేకపోయిన ఆవిడకి నేను నోరు అరువిచ్చా. మఠంలో విజ్ఞాపన అంటే నాకు తెలిసింది అదే. పొద్దున గంట, సాయంత్రం గంట మౌన ప్రార్థన. మధ్యలో పని. మేం పూజకి వాడే అప్పాలు చేసేవాళ్లం, గుండ్రంగా కత్తిరించగా మిగిలిన అంచుముక్కలు టీలో వేసుకుని తినేవాళ్లం. నల్లబల్ల ఈ అన్నింటి వెనకా నడుస్తూనే ఉంటుంది.

హేతువు గారూ, మీరు చెప్పిన పరిశోధనలో ప్రార్థించేవాళ్లకి ఇచ్చింది పేషెంటు పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, ఇంకా తప్పనిసరిగా కలపాల్సిన ఒక వాక్యం: ఆపరేషన్ బాగా జరగాలి, త్వరగా కోలుకోవాలి, ఇబ్బందులు రాకూడదు అని. అది మా మదర్ వద్దన్న రిపోర్టే. మీ లెక్క తప్పనడం లేదు. ఆ లెక్కకి దొరికేది అంతే అంటున్నా.

హేతువు · సోమవారం ఉదయం 8:30

అక్కా, బాగా రాశారు. మొండిగా అడుగుతున్నా అనుకోకండి. లెక్కకి దొరకనిదంతా తప్పించుకోడానికి పనికొస్తుంది. బల్ల మీద రాసిన ఆపరేషన్ ఫెయిలైతే ఏం చేసేవారు?

పాత కొవ్వొత్తి · సోమవారం మధ్యాహ్నం 12:15

చాలాసార్లు అయింది. ఒక తల్లి కిడ్నీ జబ్బుతో ఉన్న కొడుకు కోసం వారం వారం ఫోన్ చేసేది. ఆరు నెలలు అబ్బాయి బల్ల మీద ఉన్నాడు. చనిపోయాడు. సిస్టర్ ఆ లైను చెరపలేదు, పక్కన చనిపోయినవాళ్ల వరసలోకి మార్చింది. నాకు కోపమొచ్చింది, రెండు పూటలు మౌన ప్రార్థనలో కూర్చుని గోడని చూశా. నెల తిరక్కుండా ఆ తల్లే మళ్లీ ఫోన్ చేసింది. డయాలిసిస్‌లో తన కొడుకు పక్క మంచం మీదుండే పిల్లాడి కోసం.

దీన్ని రుజువుగా చెప్పడం లేదు. మీరడిగారు కాబట్టి చెప్పా. దేవుడి మనసు మార్చడానికి ప్రార్థించం, ప్రార్థన ద్వారానే ఇవ్వాలని ఆయన పెట్టుకున్నది పొందడానికి అడుగుతాం అని వేదాంతి తోమాసు అక్వీనాసు గారు 13వ శతాబ్దంలోనే రాశారు. తర్కానికి అది చాలుతుందేమో. ఆ రెండు పూటలూ నాకు చాలలేదు.

హేతువు · సోమవారం మధ్యాహ్నం 12:40

సరే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పారిస్ ప్రవాసి · సోమవారం రాత్రి 11:50

ఇక్కడ నేషన్ కూడలి దగ్గర ఉంటా, ఒకమాట కలుపుతా. ఫ్రెంచి విప్లవంలో ఆ కూడలి పక్కనే తలలు తీసే గిలటిన్ ఉండేది. 1794 జూలై 17న కొంపియేన్ కార్మెల్‌కి చెందిన 16 మందిని అక్కడ చంపారు. మఠం మూసేసి తరిమేశాక కూడా వాళ్లు చిన్న చిన్న గుంపులుగా ఇళ్లలో ఉంటూ, దేశంలో రక్తపాతం ఆగాలని రోజూ తమని తాము అర్పించుకుంటూ ప్రార్థించారు. బండిలో పాడుకుంటూ వెళ్లారు. అందరికంటే చిన్నదైన నోవిస్ ముందెక్కింది, మదర్ అందరినీ పంపి ఆఖర్న. సరిగ్గా పది రోజులకి ఆ రక్తపాతం నడిపిన నాయకుడు రోబెస్పియర్ కూలాడు.

వాళ్ల ప్రార్థన వల్లే కూలాడు అని కొందరు గట్టిగా చెప్తారు. నేను చెప్పను, అప్పటికే అతని మీద సభలో కుట్ర నడుస్తోంది. నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి. వాళ్లు ప్రార్థించిన "దేశం"లో తమని చంపేవాళ్లు కూడా ఉన్నారు. పిక్‌ప్యూస్ స్మశానంలో మిగతా వందలమందితో కలిపి ఒకే గోతిలో వేశారు, ఎవరి ఎముకలు ఎవరివో తెలీదు. 2024 డిసెంబరులో పోపు ఫ్రాన్సిస్ గారు వాళ్లని పునీతులుగా ప్రకటించారు.

బెరయ విశ్వాసి · మంగళవారం ఉదయం 6:30

రాత్రి నిర్గమకాండం 17 చదివా. మోషే కొండ మీద చేతులెత్తి ఉన్నంతసేపు కింద యెహోషువ గెలిచాడు, చేతులు దిగితే ఓడాడు. అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నారు. కత్తి పట్టింది యెహోషువే. మీరు కతోలికులు మఠాల గురించి చెప్పేది ఇదే అయితే, అర్థమైంది. జాలీ మాత్రం నాకింకా నచ్చలేదు.

ఉపదేశి తాత · మంగళవారం ఉదయం 7:15

జాలీ అవిలా తెరేసమ్మకే అంత ఇష్టమో లేదో 😀. మన దగ్గర జాలీ లేకుండా ఈ పిలుపు బతికినవాళ్లూ ఉన్నారు. కేరళ ఒల్లూరులో యూఫ్రేసియమ్మని ఊరంతా "ప్రార్థించే అమ్మ" అనే పిలిచారు, 2014లో పునీతురాలైంది.

ఫ్రాన్సిస్ పోపు గారు 2016లో ధ్యాన మఠాలకి రాసిన లేఖలో ఒక పోలిక తెచ్చారు. పక్షవాత రోగిని మోసుకొచ్చి యేసు ముందు దించిన నలుగురున్నారు కదా, విజ్ఞాపన చేసే సిస్టర్లు వాళ్లలాంటివాళ్లని. నాకు నచ్చిందేమిటంటే ఆ నలుగురూ ఇంటి కప్పు ఊడదీశారు. మర్యాదగా క్యూలో నిలబడలేదు.

పాత కొవ్వొత్తి · మంగళవారం ఉదయం 9:40

కుర్రోడు గారూ, మీ అక్కకి ఇది చెప్పండి, అన్నం సయిస్తుంది. తలుపు ఒక్కసారిగా మూసుకోదు. 2018లో వచ్చిన నియమాల ప్రకారం ముందు కనీసం ఏడాది ఊరికే పరిచయం, ఇంకో ఏడాది పోస్టులెంట్ (చేరబోయే అభ్యర్థి), రెండేళ్లు నోవిస్, ఆపైన కనీసం ఐదేళ్లు తాత్కాలిక మాటపట్టు (వ్రతం). శాశ్వత మాటపట్టుకి తొమ్మిదేళ్లు తక్కువ కాకుండా పడుతుంది. ఈలోపు బయటికి రావొచ్చు, నేనొచ్చా. మొహం చాటేసి తిరగాల్సిన పని కూడా లేదు.

ఇంకోటి, ఏడుస్తూ వాదించడం ఆపి ఒకసారి మఠానికి వెళ్లి వాళ్లనే అడగమనండి. పార్లర్‌లో, అంటే చూడ్డానికి వచ్చినవాళ్ల గదిలో, కూర్చోబెట్టి మాట్లాడతారు.

కృష్ణలంక కుర్రోడు · రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:05

వెళ్లొచ్చాం. రాత్రి బస్సు, నేను, అక్క, పిల్ల. బావ రానన్నాడు.

చిన్న గది, మధ్యలో జాలీ, అవతల ఇద్దరు సిస్టర్లు. అక్క దారిపొడవునా ప్రశ్నలు తయారుచేసుకుంది, నాకు వినిపించి మరీ. తీరా కూర్చున్నాక పెద్ద సిస్టర్ "ఎలా ఉన్నారమ్మా, నిద్ర పడుతోందా?" అనడిగింది. ఇక అంతే, ప్రశ్నలన్నీ పోయాయి. గంటసేపు అక్కే మాట్లాడింది. బావ షుగరు, మా చిన్నోడి ఉద్యోగం, కట్టుకుంటున్న ఇంటి మీద అప్పు, తన మోకాళ్లు. సిస్టర్ ఒక పాత డైరీలో రాసుకుంది. అక్క ఆగి, "మా పిల్ల ఆసుపత్రిలో ఏడో బెడ్ తాత" అంది. "పేరేంటమ్మా?" అంటే పిల్ల వైపు చూసింది. పిల్ల చెప్పింది.

పంపడానికి ఇంకా ఒప్పుకోలేదు. పెళ్లి సంబంధం ఒకటి వచ్చింది, అది చూశాక అంటోంది. బస్సులో మాత్రం పులిహోర పొట్లం మొత్తం తినేసింది.

ఉపదేశి తాత · ఆదివారం రాత్రి 9:20

మోకాళ్లు నావీ రాయించాల్సింది బాబూ. ఆ మఠం ఫోన్ నంబర్ ఇన్‌బాక్స్‌లో పెట్టు.